రెండో సబ్జెక్టు: ప్రాథమిక ఉపాధ్యాయుల ఎంపిక
(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)

వెనక వరుసల్లో కూర్చున్న ఈ శిక్షణ కళాశాల ఛాత్రోపాధ్యాయులారా, ముందు వరుసల్లో ఇంకా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండమ్మా. ఈరోజు మాట్లాడేది మీతోనే.

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పేరు తలచుకోగానే మనకు వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కనుక అది సహజమే. అయితే ఆయన జీవితంలో ఎక్కువ భాగం బడిపంతులుగా గడిచింది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న తరగతికి చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఆయనది మెట్రిక్యులేషన్ చదువు. పైచదువులన్నీ పాఠాలు చెప్పుకుంటూ ప్రైవేటుగా చదివినవే. ఆ పంతులు గారి గురించి, ఆయన పాఠ్యపుస్తకం దాటి పెంచుకున్న విద్యల గురించి మాట్లాడితే ఆయనకు సరైన గౌరవమవుతుందని నాకు అనిపించింది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను: ప్రాథమిక పాఠశాలలో అన్ని సబ్జెక్టులూ చెప్పబోయే వ్యక్తి, శిక్షణ కాలంలో తనదంటూ ఒక సబ్జెక్టును ఎలా ఎంచుకోవాలి? అన్నీ చెప్పడం మొదటి పని కనుక దీన్ని రెండో సబ్జెక్టు అంటున్నాను.

1. ఇప్పుడు ఎలా ఎంచుకుంటున్నాం

ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టిన రోజునే గణితం, భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం అనే నాలుగు గడుల్లో ఒకదాని కింద మీ పేరు చేరింది. ఎందుకు చేరిందని అడిగితే వచ్చే జవాబులు నాకు తెలుసు. ఇంటర్లో బైపీసీ కాబట్టి బయాలజీ. సీఈసీ కాబట్టి సోషల్. సోషల్ అయితే చదివి రాసేయొచ్చు. అక్క నోట్సు ఇంట్లో ఉంది. లెక్కలంటే పదో తరగతి నుంచీ భయం. ఈ జవాబుల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో, నెట్ సెంటర్లో కూర్చుని, ఆఖరి తేదీ దగ్గర పడుతుంటే ఎవరైనా అలాగే ఎంచుకుంటారు.

తరువాత నడిచే వ్యవస్థ కూడా ఈ ఎంపికకు పెద్దగా విలువ ఇవ్వదు. టెట్ మొదటి పేపరు చూడండి. మొత్తం 150 మార్కులు. శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కొక్కదానికి 30. అందరికీ అదే పేపరు. మీరు దేనిలో లోతుగా చదివారన్న ప్రశ్న అందులో లేదు. సెకండరీ గ్రేడ్ టీచరుగా (ఎస్జీటీ) చేరాక ఎవరూ అడగరు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు కలిపి అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. అంటే ఐదు తరగతులను ఇద్దరు పంచుకుని, తెలుగు నుంచి లెక్కల దాకా అన్నీ చెప్పాలి. ఒకరు సెలవు పెడితే ఆ రోజుకు ఐదు తరగతులూ ఒక్కరివే. అలాంటి చోట ‘నాది జీవశాస్త్రం’ అనుకోవడానికి తీరికెక్కడిదని మీరు అడగవచ్చు. దానికి జవాబు చెప్పడానికే వచ్చాను.

2. అన్నీ చెప్పేవారికి ఒకటి ఎందుకు

ఫిన్లాండ్‌లో యువస్కులా అనే ఊరు ఉంది. ఫిన్నిష్ భాషలో బోధించే మొట్టమొదటి ఉపాధ్యాయ శిక్షణాలయం 1863లో అక్కడ వెలిసింది. గిడుగు వారు పుట్టిన ఏడాదే. ఈనాడు ఆ దేశంలో ఒకటి నుంచి ఆరు తరగతులకు చెప్పే క్లాస్ టీచరు విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ పట్టా పుచ్చుకోవాలి. వారి ప్రధాన సబ్జెక్టు విద్యాశాస్త్రం. బడిలో చెప్పే అన్ని సబ్జెక్టులనూ కలిపి 60 క్రెడిట్ల చదువు అందరికీ తప్పనిసరి. అది కాక ఉపసబ్జెక్టులు ఎంచుకునే వీలుంది. బడిలో చెప్పే ఒక సబ్జెక్టులో 60 క్రెడిట్లు పూర్తిచేస్తే ఏడు నుంచి తొమ్మిది తరగతులకు ఆ సబ్జెక్టు టీచరుగా కూడా అర్హత వస్తుంది. మన దేశంలోనూ ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో మొదలుపెట్టిన నాలుగేళ్ల బీఈఎల్ఈడీ కోర్సులో ఇలాంటి ఆలోచనే ఉంది. మొదటి ఏడాది బడిలో చదివిన లెక్కలు, సైన్సు, సాంఘికం మళ్లీ మొదటి నుంచి అర్థం చేసుకునేలా దాన్ని రూపొందించారు. తరువాతి రెండేళ్లలో చరిత్ర, గణితం, భౌతికశాస్త్రం, హిందీ వంటి వాటిలో ఒకటి ఎంచుకుని డిగ్రీ స్థాయిలో చదివేలా పెట్టారు.

మూడో తరగతి పిల్లలకు మొఘలుల భూమిశిస్తు చెప్పడం కోసం ఎవరూ చరిత్ర చదవరు. మరి దేనికి? ఒక శాస్త్రంలో కొంత దూరం నడిస్తే, అక్కడ ‘ఇది నిజం’ అని ఎలా తేలుస్తారో తెలుస్తుంది. చరిత్రలో ఒక మాట నిలబడాలంటే ఆధారం ఏమిటి, గణితంలో రుజువు అంటే ఏమిటి, జీవశాస్త్రంలో పరిశీలన ఎన్నిసార్లు చేయాలి, ఇవన్నీ ఆ దారిలో నడిచినవారికే ఒంటబడతాయి. ఒక్క సబ్జెక్టులో అది తెలిసిన టీచరు తక్కిన మూడింటి పాఠ్యపుస్తకాలను కూడా వేరే కళ్లతో చదువుతుంది. ‘ఇది వీళ్లకు ఎలా తెలిసింది’ అని అడుగుతుంది. పిల్లలు అదే ప్రశ్న వేసినప్పుడు విసుక్కోదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. దాన్ని తప్పించుకుపోకూడదు. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో ఒక పుస్తకం ప్రచురించారు. దానికి ఆధారమైన ఇంటర్వ్యూల్లో అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమిక ఉపాధ్యాయులను ఒకటి ముప్పావును అరతో భాగించమన్నారు. ఆ భాగహారానికి ఒక కథ కూడా చెప్పమన్నారు. అమెరికాలో 21 మంది ప్రయత్నిస్తే తొమ్మిది మందికే సరైన జవాబు వచ్చింది. చైనాలో అందరూ సరిగా చేశారు. ఆ చైనా ఉపాధ్యాయులు చాలామంది తొమ్మిదో తరగతి తరువాత రెండు మూడేళ్ల శిక్షణ పొందినవారే. అమెరికన్లకు డిగ్రీలున్నాయి. మనవాళ్లు ఎలా చేస్తారని నేనూ కొన్ని తరగతుల్లో అడిగి చూశాను. తలకిందులు చేసి గుణించడం చాలామందికి వచ్చు. కథ అడిగితే మాత్రం ‘ఒకటి ముప్పావు కిలోల బెల్లాన్ని ఇద్దరికి సగం సగం పంచితే’ అంటారు. అది రెండుతో భాగించడం. ఒకటి ముప్పావు కిలోల బెల్లాన్ని అరకిలో పొట్లాలు కడితే ఎన్ని పొట్లాలవుతాయి, అది అడగాల్సిన లెక్క. మూడున్నర పొట్లాలు.

డిగ్రీలు లేని చైనా ఉపాధ్యాయులే బాగా చేశారు కనుక పైచదువు అక్కర్లేదని కొందరు తీర్మానించుకుంటారు. నేను అలా అనుకోను. బడి లెక్కల మీదే ఏళ్ల తరబడి ఆలోచించడం, తోటి టీచర్లతో కలిసి పాఠ్యపుస్తకాన్ని విప్పి చూసుకోవడం ఆ చైనా ఉపాధ్యాయుల బలం అని లిపింగ్ మా చూపించారు. అంటే వారు తమ సబ్జెక్టును వదలకుండా చదువుతూనే ఉన్నారు. పట్టా పుచ్చుకుని ఆపేసినవారి దగ్గర ఆ బలం లేదు. రెండో సబ్జెక్టు విషయంలో నేను చెప్పదలచుకున్న మాట ఇదే: ఉద్యోగంలో చేరాక కూడా, ఏ పరీక్షా లేకపోయినా, పోస్టింగ్ వచ్చిన ఊళ్లోనే దేన్ని చదువుతూ ఉండగలరో దాన్ని ఎంచుకోండి.

3. పర్లాకిమిడి పంతులు గారు

ఇప్పుడు గిడుగు వారి దగ్గరికి వద్దాం. ఆయన చెప్పవలసింది చిన్న తరగతికి చరిత్ర. పుస్తకంలో ఉన్నది వల్లె వేయించి ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. తన పుట్టిన ఊరి పక్కనే శ్రీముఖలింగం ఆలయాలున్నాయి. ఆ గోడల మీద, స్తంభాల మీద తూర్పు గాంగుల కాలపు శాసనాలున్నాయి. ఆ లిపి చదివేవారు ఊళ్లో లేరు. పాత లిపుల పుస్తకాలు సంపాదించి ఆయన తనంతట తానే నేర్చుకున్నారు, శాసనాలు చదివారు. నరసన్నపేట ప్రాంతంలోని నడగాంలో దొరికిన వజ్రహస్తుని రాగిరేకులను పరిష్కరించి ఆయన రాసిన వ్యాసం ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో అచ్చయింది. దేశంలోని శాసన పండితులు చదివే పత్రిక అది. పర్లాకిమిడి బడిపంతులు అందులో రాశారు.

ఇది ఆయనకు జీతం పెంచే పని కాదు. అయినా చూడండి, ఈ చదువు తరువాత ఎక్కడికి దారితీసిందో. వ్యావహారికం మీద వాదం వచ్చినప్పుడు అవతలివారు వ్యాకరణ సూత్రాలు చూపించారు. గిడుగు వారు శాసనాలు, పాత వచన గ్రంథాలు, తాళపత్ర ప్రతులు చూపించారు. పూర్వులు వచనం ఎలా రాశారో ఆధారాలు పోగుచేసి ముందు పెట్టారు. భాష గురించి వాదిస్తున్న మనిషి చేతిలో ఉన్న పనిముట్లు చరిత్ర విద్యార్థివి. ఒక సబ్జెక్టులో పట్టుబడిన పద్ధతి మరో సబ్జెక్టులో పనికి రావడమంటే ఇదే. నా వాదానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు తెలియదు.

సవర భాష సంగతి ఇంకా గొప్పది. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరల భాషను, అది తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, పరీక్ష లేదు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. ఆ కృషి చివరికి 1931లో సవర భాషా వ్యాకరణంగా, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగా అచ్చయింది. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. పదిహేడేళ్లకు పంతులుగా చేరిన మనిషి అప్పటికీ విద్యార్థిగానే ఉన్నారు. ఆయన చదువుకు ప్రయోగశాలలు శ్రీముఖలింగం, నడగాం, పర్లాకిమిడి కొండలు. అన్నీ బడి నుంచి నడిచో, బండి మీదో వెళ్లగలిగినంత దూరంలో ఉన్నవే.

4. నాలుగు గడులు, ఈ జిల్లా

ఇక మీ నాలుగు సబ్జెక్టుల దగ్గరికి వస్తాను. శ్రీకాకుళం జిల్లాలో మాట్లాడుతున్నాను కనుక ఉదాహరణలు ఇక్కడివే చెబుతాను. వేరే జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు మీ ఊరి పేర్లు పెట్టుకుని వినండి.

సాంఘికం సులువని తీసుకున్నవారు ఒక్కసారి సాలిహుండం కొండ ఎక్కి వంశధారను చూడండి. అక్కడ బౌద్ధులు ఎందుకు స్తూపం కట్టుకున్నారో, నదికీ సముద్రానికీ ఆ కొండకూ ఏం సంబంధమో ఆలోచించండి. నౌపడా ఉప్పు మళ్ల పక్కన బడి ఉంటే మీ ఆర్థికశాస్త్రం కిటికీ బయటే ఉంది. తీరంలోని మత్స్యకార గ్రామాల్లో చాలామంది తండ్రులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వీరావల్ రేవులో పడవల మీద పనిచేస్తారు. ఆ బడిలో నాలుగో తరగతి పిల్లకు భారతదేశ పటం పాఠం కాదు, నాన్న ఉన్న చోటు. పటాన్ని గోడకు తగిలించి వదిలేసే టీచరుకూ, ‘మీ నాన్న ఏ దారిన వెళ్లారో చూద్దాం రా’ అని పిలిచే టీచరుకూ తేడా భూగోళం మీద ఇష్టంలోనే ఉంటుంది.

జీవశాస్త్రం వారికి టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. ఏటా గూడబాతులు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊళ్లో అందరూ వాటిని సైబీరియా పక్షులనే అంటారు. పత్రికల్లోనూ అలాగే రాస్తారు. ఈ గూడబాతు జాతి గుడ్లు పెట్టి పొదిగేది భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా ప్రాంతాల్లో. సైబీరియాతో దానికి సంబంధం లేదు. జీవశాస్త్రం చదివిన టీచరు ఊరివారి నమ్మకాన్ని వెక్కిరించకూడదు. ఆ పక్షులను కాపాడుకుంటున్నది ఆ ఊరివారే. కానీ పిల్లలతో ఒక పుస్తకం పెట్టించి, మొదటి పక్షి ఏ తేదీన వచ్చింది, ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లు, ఎప్పుడు వెళ్లిపోయాయి, ఏటా రాయించవచ్చు. కొన్నేళ్లు సాగితే ఆ పుస్తకానికి ఏ విశ్వవిద్యాలయంలోనైనా విలువ ఉంటుంది.

భౌతిక, రసాయన శాస్త్రాల గురించి ఒకే మాట. ఉద్దానం బడుల్లో పనిచేయబోయేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ పల్లెల్లో కిడ్నీ జబ్బు లేని వీధి తక్కువ. పిల్లలు అడుగుతారు: నీళ్ల వల్లా సార్? ఎన్నో బృందాలు పరిశీలించాయి, ఇదే కారణమని ఇంకా తేలలేదు. ‘ఇంకా తేలలేదు’ అని నిజాయితీగా చెప్పి, నీటి పరీక్ష అంటే ఏమిటో, ఒక కారణాన్ని అనుమానించడానికీ నిరూపించడానికీ మధ్య ఎంత పని ఉందో చెప్పగలగడానికి సైన్సు తెలిసి ఉండాలి. ఆ పిల్లలకు ఆ జవాబు ఇవ్వాల్సిన బాధ్యత మనకుంది.

గణితం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడి నుంచే ఎక్కువమంది పారిపోతారు.

304 లోంచి 178 తీసేయమంటే ఒక పాప 274 అని రాసింది. ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి సరైన పద్ధతి మళ్లీ చెప్పడం ఒక దారి. ఆమె ఏం చేసిందో చూడండి. ఒకట్ల స్థానంలో 8 లోంచి 4, పదుల స్థానంలో 7 లోంచి సున్నా, వందల స్థానంలో 3 లోంచి 1. ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. తనంతట తాను ఒక నియమం తయారు చేసుకుని ఎక్కడా తప్పకుండా పాటించింది. అంత క్రమంగా ఆలోచించే పిల్లను ‘లెక్కలు రావు’ అని పక్కన కూర్చోబెడుతున్నాం. ఆ నియమం ఎక్కడ పనికిరాదో ఆమెకే కనిపించేలా ఒక్క ప్రశ్న వేయగల టీచరు కావాలి. ‘178 కి 274 కలిపి చూడమ్మా, 304 వస్తుందా?’ అంతే. ఆ ప్రశ్న తట్టాలంటే గణితం మీద కొంత ప్రేమ ఉండాలి.

భయం గురించి కూడా చెప్పాలి, ముఖ్యంగా అమ్మాయిలకు. సియాన్ బైలాక్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటి, రెండు తరగతులకు చెప్పే 17 మంది టీచరమ్మలను పరిశీలించారు. లెక్కలంటే భయం ఎక్కువ ఉన్న టీచరు దగ్గర ఏడాది చివరికి ఆడపిల్లల లెక్కల సామర్థ్యం తక్కువగా ఉంది. మగపిల్లలు లెక్కల్లో, ఆడపిల్లలు చదవడంలో మెరుగన్న నమ్మకం వారిలో ఎక్కువగా కనిపించింది. మగపిల్లల మీద ఆ ప్రభావం కనిపించలేదు. అది చిన్న అధ్యయనమే, అమెరికాలో జరిగినదే. కానీ ఈ హాల్లో సగానికి పైగా అమ్మాయిలు. మీరు రేపు చెప్పబోయే తరగతుల్లోనూ ఆడపిల్లలుంటారు. లెక్కలు మీకు ఎంత కష్టమైనా, ‘నాకు రావు’ అన్న మాట ఆ గదిలో అనకండి. ఇంటర్లో ఆర్ట్స్ చదివి, పదో తరగతి లెక్కలతో ఆపేసి, శిక్షణలో పట్టుబట్టి గణితం నేర్చుకున్నవారిలో చాలా మంచి టీచర్లను చూశాను. ఎక్కడ కాలు జారుతుందో వారికి గుర్తుంటుంది. ఎంపీసీ వారికి చాలాసార్లు అది గుర్తుండదు.

5. ఐదో గడి

ఫారంలో లేని గడి ఒకటి ఉంది. అది పిల్లల ఇంటిభాష. సీతంపేట కొండల్లో సవర మాట్లాడే పిల్లలు, సరిహద్దు గ్రామాల్లో ఒడియా మాట్లాడే పిల్లలు మన తెలుగు బడికి వస్తారు. 2000ల తొలి ఏళ్లలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, కోయ, గోండి వంటి భాషల్లో తొలి తరగతుల పుస్తకాలు తయారయ్యాయి, బహుభాషా విద్య కార్యక్రమం నడిచింది. పుస్తకాలు ఎన్ని వచ్చినా, టీచరుకు ఆ భాష రాకపోతే మొదటి తరగతి పిల్లకు బడి మొత్తం అర్థంకాని చోటే.

మీలో ఎవరికైనా అలాంటి ఊరు పోస్టింగ్ వస్తే, ఆ భాషనే మీ రెండో సబ్జెక్టు చేసుకోండి. సర్టిఫికెట్ రాదు. అయినా ఆ పిల్లల పేర్లు సరిగా పలకడం, ‘కడుపు నొప్పి’ అని ఒక పిల్ల తన భాషలో చెప్పినప్పుడు వెంటనే అర్థం కావడం, ఊళ్లో అవ్వ చెప్పే కథను తెలుగు లిపిలో రాసుకుని మర్నాడు తరగతిలో చదవడం టీచరుగా మీరు చేయగల అతి పెద్ద పనుల్లో ఉంటాయి.

ఇక కళాశాల వారికి ఒక విన్నపం. ప్రవేశ పరీక్షనాటి ఎంపికను మార్చడం మీ చేతిలో లేదు. విద్యార్థులు శిక్షణలో రాసే రికార్డులు మాత్రం మీ చేతిలో ఉన్నాయి. సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని కొత్త అట్టల్లో తిరగరాయడం ఇక్కడ ఎవరికీ తెలియని విషయం కాదు. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన ఊళ్లో, తన సబ్జెక్టులో, తనే చేసిన ఒక పరిశీలన ప్రతి ఛాత్రోపాధ్యాయుడి నుంచి అడగండి. మూడు పేజీలు చాలు. ఊరి చెరువు మట్టం, గుడి శాసనం ఫొటోతో దాని పాఠం, ఒక తరగతిలో పిల్లలు తీసివేతలో చేసిన తప్పుల పట్టిక, ఇంటిభాష మాటల జాబితా, ఏదైనా సరే. దిద్దేటప్పుడు అందమైన చేతిరాత చూడకండి, ‘ఇది నీకెలా తెలిసింది’ అని అడగండి. ఒక ప్రతి ఆ ఊరి బడికి ఇవ్వండి, ఒక ప్రతి ఇక్కడి గ్రంథాలయంలో పెట్టండి. వచ్చే ఏడాది ఆ ఊరికి వెళ్లే విద్యార్థి ఆ మూడు పేజీలు చదివి, అవి ఆగిన చోట నుంచి తన పని మొదలుపెట్టాలి. ఈ ఏడాది ఇంటర్న్‌షిప్ బడుల జాబితా ఇంకా వేయలేదని ఇందాక ప్రిన్సిపాల్ గారు చెప్పారు. ఆ జాబితాతో పాటే దీన్నీ ప్రకటించమని కోరుతున్నాను.